రిసీవరు కొనే ముందు ఒక కంపారటివ్ స్టేట్‌మెంటు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డీఏ బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నా కంటే ముందు మాట్లాడిన పెద్దలు సవివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం చూసి కొందరు మిత్రులు నవ్వారు. “ఈ వయసులో హోమ్ థియేటరేమిటయ్యా, ఏ భారతమో భాగవతమో చెప్పక!” అన్నారు. భారతం చెప్పేవారున్నా అది మనకు వినపడాలి గదా! నేను చెప్పబోయేది ఆ వినపడటం గురించే.

కొంతకాలంగా మన సభ్యులు పలువురు నన్నడుగుతున్న ప్రశ్న ఒకటే. “టీవీకి తగిలించుకునే రిసీవరు ఏ కంపెనీది మంచిది?” నేను ముప్పై యేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం కొనుగోళ్ళ సీటులోనే గడిచింది. ఏది మంచిది అన్న ప్రశ్న మీద ఏ ఆఫీసులోనూ ఫైలు నడవదు. దేనికి కావాలి, ఎంతలో కావాలి, ఆ అవసరానికి వచ్చిన కొటేషన్లన్నీ ఒకే షరతుల మీద ఉన్నాయా లేదా, ఈ మూడూ తేలాకే సంతకం పడుతుంది. రిసీవరు విషయంలోనూ నేను అదే పద్ధతి పాటించాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. రిసీవరు అంటే హార్మోనియం పెట్టె అంత ఉండే యంత్రం. సెట్‌టాప్ బాక్సు, డిస్కు ప్లేయరు మొదలైనవన్నీ దానికి కలుపుతారు. బొమ్మను అది టీవీకి పంపుతుంది, శబ్దాన్ని పెంచి విడివిడి స్పీకర్లకు పంచుతుంది. బాక్సు మీద 5.1 అని ఉంటే ఎదుట మూడు, వెనక రెండు స్పీకర్లు, చివరి 1 అంటే గుమగుమలాడించే సబ్‌వూఫరు. 5.1.2 అని ఉంటే పైనుంచి శబ్దం వచ్చే స్పీకర్లు మరో రెండు. ఇది 2012లో సినిమా హాళ్ళకు వచ్చిన డాల్బీ అట్మోస్ పద్ధతి. ఎదుట ఉండే మూడింటిలో మధ్యదాన్ని సెంటరు స్పీకరు అంటారు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి, మన పని దానితోనే.

నాకిది ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. మా ఇంటావిడ ఏడాదిన్నర పాటు రాత్రి ఎనిమిది అయ్యేసరికి “నిద్ర వస్తోందండీ, మీరు చూడండి” అని లోపలికి వెళ్ళిపోతూ ఉండేది. పెళ్ళయిన కొత్తలో సెకండ్ షోకి నడిచి వెళ్ళి వచ్చిన మనిషి. ఒక రాత్రి మంచినీళ్ళకని లేచి చూస్తే కళ్ళు తెరుచుకునే ఉంది. అడిగితే చెప్పింది. “ఎవరో అరుస్తున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. మాటిమాటికీ మిమ్మల్ని అడగటం ఏం బాగుంటుంది?” శబ్దం పెంచుదామంటే కింది ఫ్లాట్లో ఇంటర్మీడియట్ పిల్లవాడు చదువుకుంటున్నాడు. పైగా పెంచినప్పుడు పెరిగేది మాట కాదు, ఫైటింగు.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని ఇక్కడున్న ముఖాలు చూస్తే తెలుస్తోంది. వయసుతో చెవి అన్ని ధ్వనులనూ సమానంగా పోగొట్టుకోదు. ముందు పై స్థాయి ధ్వనులు తగ్గుతాయి. మన తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు మోగుతుంది. అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది గనుక అవి వినిపిస్తూనే ఉంటాయి. స, శ, త, క, ప లాంటి హల్లులను ఒకదాన్నుంచి ఒకటి వేరు చేసే గుర్తులు చాలావరకు 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. అవి జారిపోతే కాలు, పాలు, చాలు అన్నీ ఒకటే మాట. అందుకే మనకు చెవుడు వచ్చినట్టు అనిపించదు, ఎదుటివాళ్ళు నమిలి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. దీనికి తోడు పాత డబ్బా టీవీలకు స్పీకరు మన వైపు చూస్తూ ఉండేది. ఇప్పటి పలచని టీవీలలో చాలావాటికి అది కిందికో వెనక్కో ఉంటుంది. మాట గోడను తాకి మన దగ్గరికి వస్తుంది.

కాబట్టి మొదటి ఖర్చు రిసీవరు కాదు. చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకోండి. గులిమి తీస్తే సరిపోయేవాళ్ళు ఉంటారు, వినికిడి యంత్రం కావలసినవాళ్ళు ఉంటారు. యంత్రం కావలసినవాళ్ళు దాన్ని మానేసి రిసీవరు కొంటే అది కళ్ళజోడు బదులు ఇంట్లో పెద్ద బల్బు పెట్టినట్టే. మా ఇంటావిడకు ఎడమ చెవికి యంత్రం అమిరింది. దానితో మనుషుల మాట కుదుటపడింది గాని సినిమా మాట పూర్తిగా కుదుటపడలేదు. అప్పుడే బజారు వైపు చూశాను.

డబ్బు సంగతి కూడా దాచను. నేను 2008లో రిటైరైనప్పుడు కమ్యూట్ చేసిన భాగం పదిహేనేళ్ళు నిండి 2023లో పెన్షన్లో తిరిగి కలిసింది. ఆ పెరిగిన మొత్తాన్ని ఏడాది పాటు ముట్టుకోకుండా వేరే ఖాతాలో వేశాను. అదే నా గ్రాంటు. సప్లిమెంటరీ గ్రాంటు లేదు, పిల్లల దగ్గర అడ్వాన్సు లేదు.

ఇక స్టేట్‌మెంటు. మొదటి కాలమ్ వాట్లు. మోసపోయేదంతా ఇక్కడే. టేప్‌రికార్డర్ల రోజుల్లో చేతిలో పట్టే డబ్బా మీద 1000 వాట్లు పీఎంపీఓ అని అంటించి అమ్మేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు అంత మోటుగా లేదు గాని వంశం అదే. ఒక ప్రసిద్ధ కంపెనీవారి అయిదు చానళ్ళ రిసీవరు తీసుకున్నాను. దాని శక్తి 70 వాట్లని ఒకచోట, 100 అని ఒకచోట, 135 అని మరోచోట ఉంది. మూడూ నిజమే! రెండు చానళ్ళు పనిచేస్తుండగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అన్ని ధ్వనుల మీదా, శబ్దం చెడకుండా కొలిస్తే 70. ఒకే చానల్ మీద, 1000 హెర్ట్జ్ ఒక్క ధ్వనితో కొలిస్తే 100. అదే ఒక్క చానల్‌ను శబ్దం పది శాతం చెడిపోయేదాకా పిండితే 135. ఒక టెండరుదారు రవాణా, పన్నులు కలిపి రేటు వేసి, మరొకడు కలపకుండా వేస్తే రెండూ పక్కపక్కన రాసి తక్కువవాడికి ఆర్డరు ఇస్తామా? ఆడిటువారు ఊరుకుంటారా? అమెరికాలో ఈ బెడద పడలేకే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇంటి యాంప్లిఫయర్లకు కొలిచే షరతులు నిర్ణయించింది. 2024లో వాటిని సవరించింది. మనం చేయవలసింది ఇంతే. 8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, రెండు చానళ్ళు, చెడు ఒక శాతం లోపు. ఈ షరతుల మీద ఎన్ని వాట్లో ఆ అంకె మాత్రమే కాలమ్‌లో వేయండి. 6 ఓమ్స్ మీద ఇచ్చిన అంకె అయితే రిమార్కులలో ఆ ముక్క రాయండి. ఏ షరతూ చెప్పని కంపెనీకి ఆ గడిలో గీత గీయండి.

ఇంతా చేసి ఆ అంకె ఎంత ఉండాలి? ఇది వింటే మీరు ఆశ్చర్యపోతారు. మామూలు స్పీకర్లతో, పది పన్నెండు అడుగుల దూరంలో కూర్చుని, మాట సుఖంగా వినేందుకు సగటున ఖర్చయ్యేది ఒక వాటు లోపే. మిగిలిన వాట్లు ఎప్పుడో తలుపు బద్దలైనప్పుడు, ఉరుము ఉరిమినప్పుడు ఒక్క క్షణం కావాలి. 50 వాట్లను 100 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కొంచెం పెరిగినట్టు తెలుస్తుంది అంతే. రెండింతలు మోగినట్టు తోచాలంటే వాట్లు పదింతలు కావాలి. కనుక 70 వాట్లదానికీ 90 వాట్లదానికీ మధ్య ఇరవై వేల తేడా ఉంటే ఆ ఇరవై వేలూ స్పీకర్లలో పెట్టండి.

రెండో కాలమ్‌లో నేను మాట స్పష్టత రాశాను. దుకాణంవాళ్ళు దీన్ని చివర చెబుతారు, అడిగితేనే చెబుతారు. మూడు సదుపాయాలు చూడండి. ఒకటి, సెంటరు స్పీకరు శబ్దాన్ని విడిగా పెంచుకోగలగడం. ఇది దాదాపు అన్నిటిలో ఉంటుంది, కాని రిమోటు మీద ఒక మీటతో వస్తుందా, నాలుగు మెనూలు దాటి వెళ్ళాలా అన్నది చూడాలి. కొన్ని కంపెనీలు దీన్నే డైలాగ్ లెవెల్ అంటాయి. రెండు, పెద్ద శబ్దాలను అణచి చిన్నవాటిని లేపే ఏర్పాటు. నైట్ మోడ్ అనో, డైనమిక్ వాల్యూమ్ అనో, డీఆర్‌సీ అనో పేరుంటుంది. కింది ఫ్లాట్లో చదువుకునే పిల్లవాడున్నవారికి ఇది వరం. మూడు, బొమ్మకూ శబ్దానికీ ఉన్న ఎడం సరిదిద్దే లిప్‌సింక్. ఇది చిన్న విషయమనుకోకండి. వినికిడి తగ్గినవాళ్ళం మనకు తెలియకుండానే పెదవులు చదువుతాం. పెదవి ఒకటి, మాట ఒకటి అయితే ఉన్న ఆధారం కూడా పోతుంది.

మైకు పెట్టి గదిని కొలిచే ఏర్పాటు కూడా ఉంటుంది. డెనాన్, మరాంజ్ వారిది ఆడిస్సీ, యమహా వారిది వై.పి.ఎ.ఒ. మనం కూర్చునే చోట ఆ చిన్న మైకు పెడితే రిసీవరు ఒక్కో స్పీకరులోంచీ చప్పుడు చేసి, ఎంత దూరాన ఉందో, ఎంత మోగుతోందో తనే లెక్క కట్టుకుంటుంది. టేపు పట్టుకుని వంగలేని మనకు మంచిదే. చవక మోడళ్ళలో కొన్నిటికి ఉండదు. అడిగి గడిలో ఉంది, లేదు అని రాసుకోండి.

దుకాణంలో వినే విషయం మరీ ముఖ్యం. వెళ్ళగానే బాంబులు పేలే సినిమా వేస్తారు. మన ఇంట్లో రోజుకెన్ని బాంబులు పేలుతాయి? నేను ఒక పెన్‌డ్రైవులో రెండు కొత్త సినిమాల సంభాషణలు, ఒక పురాణ కాలక్షేపం, ఒక వార్తల ముక్క ఎక్కించుకుని వెళ్ళాను. మూడు ఊళ్ళలో అయిదు దుకాణాలు తిరిగాను. చాలాచోట్ల ఒక రిసీవరుకు ఖరీదైన స్పీకర్లు, మరొకదానికి చవకవి తగిలించి, “విన్నారుగా సార్ తేడా!” అన్నారు. అది స్పీకర్ల తేడా. ఒకే స్పీకర్ల మీద రెండు రిసీవర్లూ వినిపించమని అడగండి. రెండూ సమానంగా మోగాలి. ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువ పెడితే చాలు, చెవికి అదే మేలనిపిస్తుంది, అమ్మేవాడికి ఆ కిటుకు తెలుసు. ఇప్పుడు సెల్‌ఫోన్లలో శబ్దం కొలిచే ఉచిత సదుపాయాలు దొరుకుతాయి. కచ్చితం కాకపోయినా రెండింటినీ సరిపోల్చటానికి చాలు. ఇలా సమానం చేసి వింటే, మామూలు శబ్దంలో ఒక స్థాయి రిసీవర్ల మధ్య నాకు చెప్పుకోదగ్గ తేడా తెలియలేదు. నాతో వచ్చిన మా మనవడికీ తెలియలేదు, వాడి చెవులు పద్దెనిమిదేళ్ళవి.

తీగల సంగతి. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ లేక ఈఏఆర్‌సీ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే ఒకే తీగ మీద బొమ్మ టీవీకి వెళ్తుంది, టీవీ శబ్దం రిసీవరుకు తిరిగి వస్తుంది. టీవీ రిమోటుతోనే రిసీవరు శబ్దం తగ్గించవచ్చు, పెంచవచ్చు. ఇంట్లో ఒకటే రిమోటు ఉండటం ఎంత శాంతో మీకు చెప్పనక్కరలేదు. ఏఆర్‌సీ 2009లో, ఈఏఆర్‌సీ 2017లో ప్రకటించిన హెచ్‌డీఎంఐ ప్రమాణాలతో వచ్చాయి. ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూసేవారికి చాలావరకు ఏఆర్‌సీ సరిపోతుంది. ఈఏఆర్‌సీ విలువ బ్లూరే డిస్కులు వేసేవారికి ఎక్కువ. మేనల్లుడో తమ్ముడి కొడుకో తన పాత రిసీవరు ఉచితంగా ఇస్తానంటే వద్దనకండి. బాగా పాతదైతే 4కె బొమ్మను దాటించకపోవచ్చని తెలుసుకుని, పెట్టెలన్నీ టీవీకే కలిపి శబ్దం మాత్రం దానికి తెచ్చుకోండి.

అమెరికాలో ఉన్న మా పెద్దవాడు, “నాన్నా, ఇక్కడ చవక, వచ్చేటప్పుడు తెస్తాను” అన్నాడు. వద్దన్నాను. అక్కడ అమ్మేది సాధారణంగా 120 వోల్టులది. మన 230కి నేరుగా తగిలిస్తే మొదటి రోజే చివరి రోజు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి, అది మరో పెట్టె, మరో మోత. ఇక్కడ వారంటీ చెల్లుతుందన్న హామీ లేదు. మరో చమత్కారం ఉంది. అక్కడ మీడియం వేవ్ స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, మనవి 9 ఎడంతో. మనం పెరిగిన విజయవాడ స్టేషను 837. అమెరికా యంత్రం 830 దగ్గర ఆగి 840కి దూకుతుంది. కొన్నిటిలో ఆ ఎడం మార్చుకునే వీలుంటుంది, అన్నిటిలో కాదు.

మిగతా గడులు త్వరగా చెబుతాను. రిపేరు కేంద్రం మన జిల్లాలో ఉందా, లేకపోతే ఇంటికి వచ్చి తీసుకెళ్తారా? రాతపూర్వకంగా అడగండి. సీరియల్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి. ఎనిమిది, పది కిలోల బరువు, మన నడుముల పని కాదు. ఈ యంత్రాలు వేడెక్కుతాయి. రోహిణీకార్తెలో అద్దాల షోకేసులో పెట్టి తలుపు వేస్తే ఎక్కువ కాలం బతకవు. పైన జానెడు ఖాళీ వదలండి.

అంతకంటే ముఖ్యం గది. టైల్సు నేల, ఉత్త గోడలు, అద్దాల కిటికీలు ఉన్న హాల్లో ప్రతి మాటకూ తోక వస్తుంది. ఆ తోక తర్వాతి మాట మీద పడుతుంది. నేలకు మందపాటి జంపఖానా, కిటికీలకు దళసరి తెరలు వేస్తే కొంత తగ్గుతుంది. నేను రిసీవరు కంటే ముందు కొన్నది జంపఖానా.

చివరకు ఏం కొన్నానని అడుగుతారు. కంపెనీ పేరు చెప్పను. చెబితే మీరంతా అదే కొంటారు, నా స్టేట్‌మెంటు వృథా అవుతుంది. అయిదు చానళ్ళ రిసీవరే కొన్నాను గాని స్పీకర్లు మూడే కొన్నాను. ఎడమ, కుడి, సెంటరు. వెనక స్పీకర్లు లేవని మెనూలో చెబితే రిసీవరు వాటికి పోవలసిన శబ్దాన్ని ముందువాటికే పంచుతుంది, ఏమీ పోదు. వెనక రెండూ కావాలంటే ఎప్పుడైనా తగిలించుకోవచ్చు. సబ్‌వూఫరు మాత్రం ఫ్లాట్లలో ఉండేవారికి నేను సిఫార్సు చేయను, దాని దరువు శ్లాబులోంచి పక్కింటికి పోతుంది. గ్రాంటులో ఎక్కువ భాగం ఆ మూడు స్పీకర్లకే వెచ్చించాను. సెంటరు స్పీకరును టీవీ కింద, చెవి వైపు కొంచెం ఎత్తి పెట్టాను, 3 డెసిబెల్స్ పెంచాను.

పది పన్నెండు అడుగుల చిన్న గదిలో ఇద్దరే చూసేవారికి సెంటరు చానల్ ఉన్న సౌండ్‌బారు చాలు, ఇంత తతంగం అక్కరలేదు. అది నా నిశ్చితాభిప్రాయం. కాకపోతే బారు పాడైతే చాలాసార్లు మొత్తం పారేయవలసిందే. రిసీవరు పాడైతే అది మార్చుకుంటాం, స్పీకర్లు మిగులుతాయి.

మొదటి రాత్రి 1957 నాటి మాయాబజార్ పాత ప్రతి వేశాం. 2010లో రంగులు వేసినప్పుడు దాని శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చారు గాని, అసలుది మోనో. ఎడమ కుడి రెండింటిలో ఒకటే శబ్దం ఉంటే, డాల్బీ సరౌండ్ పద్ధతి పెట్టినప్పుడు రిసీవరు దాన్ని సెంటరు స్పీకరుకు పంపుతుంది. అంటే మాటంతా ఒకేచోటి నుంచి, ఎదురుగా. రేలంగి కనిపించే ఘట్టంలో నా కంటే ముందు మా ఇంటావిడ నవ్వింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర దాకా హాల్లోనే ఉంటుంది. వేగంగా మాట్లాడే కొత్త సినిమాలలో ఇప్పటికీ కొన్ని మాటలు ఆవిడకు అందవు. అప్పుడు అడుగుతుంది, నేను చెబుతాను. నాకూ అందకపోతే ఇద్దరం వెనక్కి తిప్పి చూస్తాం.

నేను వేసుకున్న స్టేట్‌మెంటు ఖాళీ నమూనా జిరాక్సు కాపీలు కార్యదర్శిగారి బల్ల మీద పెట్టాను. పై వరసలో ఆడియోగ్రామ్ తేదీ అని ఒక గడి ఉంటుంది, అది నింపనిదే కింది గడులకు దిగకండి. పూర్తి చేసి తెచ్చినవారికి స్క్రూటినీ చేసి పెడతాను. ఫీజు లేదు, కాఫీ ఇస్తే కాదనను.